పోయినసారికి థాంక్స్

ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు హోటల్ వరండాలో తనని కూర్చోబెట్టి స్ట్రాబెర్రీ కేకు పెట్టింది అతిథి అనుకునా, జాలిపడా? మాయ్‌లిస్‌కి అరవై ఏళ్లుగా ఈ సందేహం తీరలేదు.

కేకు పెట్టింది హోటల్ యజమాని కూతురు సిగ్‌బ్రిట్. మాయ్‌లిస్ రొయ్యల బుట్ట వంటింట్లో ఇచ్చేసి వెళ్తుంటే వాన పట్టుకుంది. సిగ్‌బ్రిట్ చెయ్యి ఊపి లోపలికి పిలిచింది. పట్నం నుంచి వచ్చిన దొరసానుల మధ్య కుర్చీ లాగి కూర్చోబెట్టి, కేకు తనే కోసి, పింగాణీ పళ్లెంలో పెట్టింది. కాళ్లు రొయ్యల నీచు వాసన కొడుతున్నాయేమోనని ఆ పిల్ల వాటిని కుర్చీ కిందికి ముడుచుకుని తింది.

ఇంటికొచ్చి చెబితే, బట్టలు పిండుతున్న అమ్మ తలైనా ఎత్తలేదు. ఆ రోజుల్లో వేసవి వచ్చిందంటే ఉర్‌హోల్మెన్ దీవిలో జాలర్లంతా సొంత ఇళ్ల కిందున్న నేలమాళిగల్లోకి దిగిపోయేవాళ్లు. హోటల్లో చోటు దొరకని అతిథులు వాళ్ల పై గదుల్లో అద్దెకి ఉండేవాళ్లు.

"మన మంచాల మీద పడుకుంటున్నారు. మనకో ముక్క కేకు పడేశారు. దానికి నువ్వేం థాంక్స్ చెప్పక్కర్లేదు" అంది అమ్మ.

అది చిన్న మాట కాదు. ఆ దీవిలో ఒకరి చేతి తిండి తిన్నాక, వాళ్లు మళ్లీ ఎదురుపడగానే "పోయినసారికి థాంక్స్" అనాలి. మధ్యలో ఏడాది గడిచినా సరే, ముందు ఆ మాట అన్నాకే వేరే మాట. అనలేదంటే, నేను నీ అతిథిని కానని మొహం మీద చెప్పినట్టే. మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర సిగ్‌బ్రిట్ ఎదురై నవ్వింది. మాయ్‌లిస్ తన బూట్ల వంక చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు, గాలుల గురించి మాట్లాడుకున్నారు, చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడారు, ఒకరి ఇంటి చావుకి ఒకరు వెళ్లారు. ఆ ఒక్క మాట మాత్రం మాయ్‌లిస్ నోటి నుంచి రాలేదు. ఆలస్యమైనకొద్దీ ఇంకా కష్టమైపోయింది.

ఈ వేసవిలో హోటల్ రేవుకి గొలుసు పడకపోయి ఉంటే ఆ మాట ఎప్పటికీ వచ్చేది కాదేమో.

సిగ్‌బ్రిట్ పెళ్లి చేసుకోలేదు. ముసలితనం మీదపడ్డాక హోటల్‌ని పట్నం కంపెనీకి అమ్మేసింది. బతికున్నంతకాలం మేడమీది మూలగదిలో ఉండే హక్కు మాత్రం తనకే ఉంచుకుంది. కంపెనీ తరఫున హోటల్ నడపడానికి రాస్మస్ అనే కుర్రాడు వచ్చాడు. మెత్తగా మాట్లాడతాడు, ఎప్పుడూ నవ్వుతాడు. వచ్చిన నెలకే, హోటల్ ముందు సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చెక్క రేవుకి అడ్డంగా గొలుసు వేసి, బోర్డు తగిలించాడు: "హోటల్లో దిగినవారికి మాత్రమే."

ఆ రేవు మీంచే ఊరి ఆడవాళ్లు తరతరాలుగా పొద్దున్నే సముద్రంలో మునకేసి వస్తున్నారు. తువ్వాలు గుడ్డతో కుట్టిన పాత కోట్లు చుట్టుకుని, చెప్పులు టపటపలాడిస్తూ వెళ్తారు. నిచ్చెన దిగుతారు, కెవ్వుమంటారు, ఎక్కుతారు, ఫ్లాస్కులో కాఫీ తాగుతారు. స్థలం హోటల్‌దే, ఎవరూ కాదనరు. కానీ చలికాలపు తుపాను పలకలు పీకేసినప్పుడల్లా తిరిగి బిగించేది ఊరి మగవాళ్లు. ఆ నిచ్చెన, దాని ఇనుప కమ్మీ మాయ్‌లిస్ భర్త టొర్వాల్డ్ చేతి పని.

ఆ ఊళ్లో కోపం వస్తే ఎవరూ మొహాన అనరు, కాగితం మీద రాసి అంటిస్తారు. గొలుసుకి మొదటి కాగితం వేలాడింది: "గొలుసు పొరపాటున వేసినట్టున్నారు. స్నేహంతో, పొద్దుటి ఈతగత్తెలు." మర్నాటికి కాగితం లేదు, గొలుసు ఉంది. రెండో కాగితంలో "పొరపాటున" కింద గీత గీశారు. మూడోదాంట్లో "స్నేహంతో" తీసేశారు. ఇంతకన్నా పెద్ద తిట్టు వాళ్లకి తెలీదు. రాస్మస్ మూడూ పీకేసి, ఎదురైనవాళ్లందరినీ చూసి అలాగే నవ్వాడు.

ఆ వారంలోనే బార్బ్రూ పడింది. బార్బ్రూ మాయ్‌లిస్ పక్కింటావిడ, తుంటి అరిగినది, కిందటి శీతాకాలం మొగుణ్ణి పోగొట్టుకున్నది. కమ్మీ పట్టుకుంటే తప్ప నీళ్లలోకి దిగలేదు. రేవు మూశారని బండల మీంచి దిగబోయి, నాచు మీద జారి మోకాలు చీరుకుంది.

కట్టు కడుతున్న మాయ్‌లిస్‌తో, "మునక లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదే" అంది బార్బ్రూ. "దుప్పటి కింద నుంచి లేవాలంటే ఏదో ఒక కారణం ఉండాలి కదా. నాకున్నది అదొక్కటే."

మాయ్‌లిస్ ఇంటికొచ్చి కెటిల్‌ని పొయ్యి మీద దడాలున పెట్టింది.

"కెటిల్ ఏం చేసిందే నిన్ను?" అన్నాడు టొర్వాల్డ్.

"నువ్వు బిగించిన నిచ్చెన అది! నీ వేళ్లు పగిలి నెత్తురు కారింది! దానికి గొలుసు కడతాడా వాడు?"

"వెళ్లి అడుగు."

"కాగితాలు పెట్టాం కదా."

"అడగమన్నాను, రాయమనలేదు."

"కోపంలో మాట తూలితే పాపం."

"మోషే కోసం దేవుడు సముద్రాన్నే చీల్చాడు. నువ్వు గొలుసు దగ్గరే ఆగిపోయావు" అన్నాడు టొర్వాల్డ్, పేపరు తిప్పుతూ.

ఆ రాత్రంతా మాయ్‌లిస్ ఆలోచించింది. హోటల్లో దిగినవారికి మాత్రమేనా? సరే, దిగుదాం. ఆ కేకు రోజు తర్వాత మళ్లీ ఎన్నడూ ఆ హోటల్ ముందు గుమ్మం తొక్కని మనిషి, శనివారం సాయంత్రం చక్రాల పెట్టె గడగడా లాక్కుంటూ ఊరి మధ్యనుంచి నడిచింది. దారి పొడుగునా కిటికీ తెరలు కదిలాయి.

"ఎంత దూరం నుంచి వస్తున్నారమ్మా?" అని అడిగింది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

మాయ్‌లిస్ కిటికీలోంచి చూపించింది. "అదిగో, ఆ పసుపు ఇంటి నుంచి. ప్రయాణం బాగానే జరిగింది."

మిగిలింది ఒకే గది అంది అమ్మాయి. హోటల్ కింద నేలమాళిగని బాగుచేసి, పైకప్పుకి వలలు వేలాడదీసి, "జాలరి నేలమాళిగ" అని పేరు పెట్టారు. అన్ని గదుల్లోకీ ఖరీదైంది అదేనట. మాయ్‌లిస్ మెట్లు దిగి మంచం మీద కూర్చుంది. ఇలాంటి చెమ్మగోడల మధ్యే అమ్మ ఎనిమిది వేసవులు దగ్గింది. ఎవరైనా కావాలని నేలమాళిగలో పడుకుంటారా? పైగా డబ్బిచ్చి? గోడకి తగిలించిన పాత చెక్క పలక మీద అందంగా చెక్కి ఉంది: "ఒకప్పుడు ఇక్కడ జాలర్లు, అతిథులు ఒకే కుటుంబంలా బతికారు."

"కుటుంబమా!" అని పైకే అంది. పలకని గోడవైపు తిప్పేసింది. రాత్రి భోజనానికి పెద్ద పళ్లెంలో మూడు రొయ్యలు వచ్చాయి, వాటి పక్కన ఏదో గడ్డిపరక. ఆవిడ చిన్నప్పుడు రొయ్యలు బుట్టలకొద్దీ మోసింది. మూడు రొయ్యల్ని ఎన్నడూ భోజనం అనలేదు.

పడుకునే ముందు మోకరిల్లింది. "ప్రభువా, ఈ కోపం నీదా, నాదా? నాదైతే తీసేసుకో. కానీ రేపు పొద్దున దాకా ఉండనీ."

ఉండనిచ్చాడు. పొద్దున్నే హోటల్ వాళ్ల తెల్లకోటు వేసుకుని రేవు దగ్గరికి వెళ్తే, రాస్మస్ గొలుసు పక్కన నిలబడి అతిథులకి వేడివేడి అల్లం టీ అందిస్తున్నాడు. ఇవతల బార్బ్రూ, మరో ఇద్దరు ఆడవాళ్లు వెలిసిపోయిన కోట్లలో, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందురోజే మాయ్‌లిస్ రమ్మని చెప్పింది.

రాస్మస్ నవ్వుతూ గొలుసు తీసి, "రండమ్మా, బాగా నిద్ర పట్టిందా?" అన్నాడు.

"పట్టలేదు. వీళ్లు నా అతిథులు. వీళ్లూ వస్తారు."

రాస్మస్ గొలుసు మళ్లీ తగిలించేశాడు. "గది తీసుకున్నవాళ్లకేనమ్మా. మా అతిథులు ప్రశాంతత కోసం వస్తారు."

మాయ్‌లిస్ ఒక అడుగు ముందుకేసింది. ఈ మాట కాగితం మీదైతే ఎంత తేలిక! "మేం నీళ్లలో దిగితే నీ ప్రశాంతత పోతుందా, నాయనా? ఒకే కుటుంబం అని గోడ మీద నువ్వే కదా రాయించుకున్నావు? కుటుంబం వచ్చింది. తలుపు తియ్యి."

"అది... అలంకారం కోసమమ్మా" అన్నాడు రాస్మస్. మొదటిసారి నవ్వు కొంచెం జారింది.

"మా అమ్మ దగ్గు కూడా అలంకారమేనా? ఈ నిచ్చెన ఎవరు బిగించారో నీకు తెలుసా? దాన్ని పట్టుకుని దిగాల్సిన మనిషి బండల మీద మోకాలు చీరుకుంది, చూడు! సిగ్గుగా లేదూ?"

టీ తాగుతున్న పట్నంవాళ్లు కప్పులు దించారు. రాస్మస్ బార్బ్రూ కట్టు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. అయినా, "రూలు రూలేనమ్మా. పేరు రాయించుకున్నవాళ్లకే" అన్నాడు.

"ఈ మాట ఇక్కడే ఇంతకుముందు కూడా విన్నాను" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

సిగ్‌బ్రిట్. చేతికర్ర ఆనించుకుంటూ, ఈత కోటు మీద చలికోటు తొడుక్కుని వరండా మెట్లు దిగి వస్తోంది.

"మా నాన్న అన్నాడు ఆ మాట. రొయ్యల పిల్లని పేరు రాయించుకున్న అతిథుల బల్ల దగ్గర కూర్చోబెడతావా అని. అది నా అతిథి అన్నాను. అయితే నువ్వూ వంటింట్లోనే తిను అన్నాడు. ఆ వేసవంతా వంటింట్లోనే తిన్నాను." ఆగి ఊపిరి తీసుకుంది. "తిండి మాత్రం అక్కడే బాగుండేదిలే, వేడివేడిగా."

మాయ్‌లిస్ సిగ్‌బ్రిట్ వైపు తిరిగింది. అరవై ఏళ్లు అది జాలేమోనని అనుకుంది. ఇన్నాళ్లూ అది అతిథి కుర్చీయే.

"ఈ ఇల్లు అమ్మాను. నా గది అమ్మలేదు" అంది సిగ్‌బ్రిట్ రాస్మస్‌తో. "నా దగ్గరికి ఎవరూ రాకూడదని ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. వీళ్లు నా అతిథులు. రేపూ వస్తారు, ఎల్లుండీ వస్తారు."

"ఎన్నాళ్లండీ ఇలా?"

"నాకు ఎనభై ఆరు. కాస్త ఓర్చుకో."

టీ కప్పుల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. రాస్మస్ ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, పక్కకి జరిగాడు. సిగ్‌బ్రిట్ గొలుసు కొక్కెం తియ్యబోయింది, వేళ్లు వంగలేదు. మాయ్‌లిస్ వెళ్లి తీసింది. బార్బ్రూ అందరికన్నా ముందు నడిచి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి, ఊరంతా వినపడేలా కెవ్వుమంది.

మాయ్‌లిస్ కోపం పూర్తిగా దిగలేదు. మన రేవులోకి మనం ఒకరి అతిథులుగా దిగడమేమిటి? ఈవిడ పోయాక గొలుసు మళ్లీ పడదా? పడితే మళ్లీ మొహం మీదే అడుగుతుంది, ఇక కాగితాలు చాలు. కానీ దానికన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. సిగ్‌బ్రిట్‌కి చెయ్యి అందించింది. ఇద్దరూ పలకల మీద నెమ్మదిగా నడిచారు. నిచ్చెన దాకా వచ్చాక మాయ్‌లిస్ ఆగింది. ఎనిమిదేళ్ల పిల్లలా బూట్ల వంక చూసుకోబోయింది. కాళ్లకి బూట్లు లేవు.

తలెత్తి, "పోయినసారికి థాంక్స్" అంది.

సిగ్‌బ్రిట్ కళ్లు చికిలించి చూసింది. "ఎప్పటిదీ?"

"స్ట్రాబెర్రీ కేకుకండీ."

ముసలావిడ చేతికర్రని కమ్మీకి ఆనించింది. తర్వాత మాయ్‌లిస్ చేతిని గట్టిగా నొక్కింది.

"కొంచెం ఆలస్యమైంది" అంది. "పద, నీళ్లు చల్లారిపోతాయి."