కాలిబాట మీద అమ్మ గిన్నె

"బాతు ముక్కలు ఇంకాస్త ఉడకనీ మెయ్ ఫోంగ్. మీ మామగారికి పళ్ళు లేవుగా," అంది అత్తయ్య.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. అయినా మా చైనా పంచాంగం ఏడో నెలలో, పోయినవాళ్ళంతా తిరిగొచ్చే నెలలో, ఆకలితో వస్తారు, పళ్ళు లేకుండానే వస్తారు.

పొద్దున్నుంచి చేమదుంపలు చెక్కు తీసి చేతులు దురద పెడుతున్నాయి. పోయినవాళ్ళకి పండగ, బతికున్నదానికి వంట. మకావ్‌లో ఈ పండగ ఏటా రెండిళ్ళలో చూస్తాను. మా ఇంట్లో ఎండాకాలం చివర, కింది వాటాలో ఉండే పోర్చుగీసు సంతతి డోనా ఎర్మెలిండా ఇంట్లో నవంబరులో, క్రైస్తవులు పోయినవాళ్ళని తలుచుకునే రోజున. మావాళ్ళు ఈ నెలలో చీకటి పడ్డాక వెనక నుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడరు. తినే పుల్లలు అన్నంలో నిలబెట్టరు. ఆవిడ ఆ రోజు ఇల్లు ఊడవదు, ఆత్మలకి చీపురు తగులుతుందట. బల్ల మీద రొట్టె, ఎంగిలి గిన్నెలు అలాగే వదిలేసి పడుకుంటుంది. "మర్నాడు అవన్నీ ఎవరు తీస్తారు ఆంటీ?" అంటే, "ఇంకెవరు, నేనే! ఆత్మలు గిన్నెలు తోమి పోతాయా?" అని నవ్వింది.

భయాలు రెండిళ్ళలోనూ దాదాపు ఒకటే. కానీ ఆవిడ బల్ల మీద వాళ్ళమ్మ ఫొటో, మొగుడి అమ్మ ఫొటో పక్కపక్కనే ఉంటాయి. నా కళ్ళు ఏటా అక్కడే ఆగిపోతాయి.

మా అమ్మకి నేనొక్కదాన్నే, ఆమె పోయాక ముద్ద పెట్టేదాన్నీ నేనే. పెళ్ళయిన ఏడాది ఆమె ఫొటో మా ఇంటి పెద్దల పీఠం మీద పెట్టబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "వేరే ఇంటిపేరు దెయ్యం కూర్చుంటే మా పెద్దలు ముద్ద ముట్టరు. వీధిలో దిక్కులేనివాటికి పెడతాంగా, అక్కడికొచ్చి తింటుందిలే మీ అమ్మ." నా భర్త కా హౌ పేపర్లోంచి తలెత్తకుండానే, "అమ్మ చెప్పినట్టు విను, ఏడాదికో రోజేగా" అన్నాడు. అప్పట్నుంచి ఏటా కాలిబాట అంచున మొలకలు, టోఫు, వేరుశెనగలు పోసి, పోయినవాళ్ళకి చేరాలని కాగితం బట్టలు కాల్చి, ఆ ముక్కూమొహం తెలియని ఆకలి గుంపులో మా అమ్మని వెతుక్కుంటూ నిలబడతాను. తోసుకుని తినే మనిషి కాదు ఆమె. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునేది.

ఈసారి సాయంత్రం పీఠం ముందు అన్నీ సర్దాక, నా గిన్నె, నా పుల్లలు తెచ్చి మామగారి పక్కన పెట్టాను. వెనక అమ్మ ఫొటో ఆనించాను.

"ఇదేం పనే! పెద్దలు లేచిపోతారు!" అత్తయ్య పీఠానికి గబగబా దణ్ణం పెట్టింది. కోపం కాదు, నిజంగానే భయం. ఆమెకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది, ఏ వీధిలోనో.

"పండగపూట ఏంటిది?" కా హౌ లేచాడు.

నేను కూర మూత తీశాను.

"ఈ బాతు కూర వాసనకే మామగారు పరిగెత్తుకొస్తారని ఏటా అంటారుగా అత్తయ్యా," అన్నాను, మొదటి ముక్క అమ్మ గిన్నెలో వేస్తూ. "ఇది మా అమ్మ నేర్పిన వంట. ఇన్నేళ్ళూ మీ పెద్దలు తిన్నది ఆమె చేతి రుచే. ఆమెతో కూర్చోలేక లేచిపోయేవాళ్ళుంటే చెప్పండి, వాళ్ళకి కాలిబాట మీద వడ్డిస్తాను."