ఊడిరాని గడ్డం

నేను ఒక పెట్టుడు గడ్డాన్ని. నన్ను కన్నది మేక, పెంచింది జిగురు. లండన్‌లో విగ్గులు అల్లే ఒక ముసలమ్మ నా వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా పల్చటి గుడ్డకు ముడివేసి, "వందేళ్లు మన్నుతుంది బాబూ," అంటూ ఆంబ్రోస్ టిడ్వెల్ చేతికిచ్చింది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు, మీసమైనా సరిగ్గా రాలేదు. అయినా నాటక కంపెనీ ముసలి నౌకరు వేషమే ఇచ్చింది. ఒకసారి ముసలివాడిగా నప్పితే ఇక ఆ నటుడికి యవ్వనం ఉండదు. నాటకాలవాళ్ల తీరే అంత.

ముప్పయ్యేళ్లు అతని చెంపల మీదే బతికాను. "వచ్చారండీ", "రాలేదండీ", "బండి సిద్ధమండీ". రంగస్థలం మీద అతని నోట ఇంతకు మించి మాట పడలేదు. మిగిలిన మాటలన్నీ లోపలే పోగుపడి నాటకాలయ్యాయి. మూడు రాస్తే మూడూ తిరిగొచ్చాయి. నాలుగోదాన్లో, బిడ్డను పోగొట్టుకున్న తండ్రి వేషం తనకోసమే రాసుకున్నాడు. గడ్డం లేని వేషం. నాకు కోపం వచ్చిన మాట నిజం.

కంపెనీ యజమాని అది చదివి కళ్లు తుడుచుకున్నాడు.

"బంగారం లాంటి నాటకమయ్యా. తండ్రి వేషం నేనే వేస్తాను."

"అది నాకోసం రాసుకున్నానండీ."

"నీ మొహం ఎవరికి తెలుసు? ఇందులో నౌకరున్నాడుగా, వాడు నీవాడే."

ఆంబ్రోస్ తలూపాడు. ఒక్క ఆశ మిగిలింది. తొలి ప్రదర్శన నచ్చితే జనం రచయితను పిలిపించి చూడటం అక్కడి ఆచారం. "ఆ ఒక్క నిమిషం నా సొంత మొహంతో నిలబడతాను, చూద్దువుగాని," అని భార్య మార్తాతో చెప్పాడు.

తొలి ప్రదర్శన రోజు కంగారులో జిగురు రెట్టింపు పూశాడు. చివరి తెర పడగానే హాలంతా రచయిత కావాలని అరిచింది. అతను నన్ను పట్టి లాగాడు. చర్మం లేచింది, నెత్తురు వచ్చింది, నేను రాలేదు. ఇంతలో ఎవరో అతన్ని తెర ముందుకు తోశారు.

రచయిత లేకపోతే కంపెనీవాళ్లెవరో వచ్చి ఆ మాట చెప్పి వెళ్లడమూ ఆచారమే. నౌకరు వేషంలో ఉన్నవాణ్ణి చూసి జనం అదే అనుకున్నారు.

"ఏం తాతా, రచయిత రాలేదా?" అని ఒకడు అడిగాడు.

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. ముప్పయ్యేళ్ల అలవాటు అతనికంటే ముందు పలికింది.

"రాలేదండీ."

నడుం వంచి వెనక్కి నడిచాడు. పైన చౌక సీట్లలో మార్తా లేచి, "ఆయనేనయ్యా రాసింది," అంటే చుట్టుపక్కలవాళ్లు నవ్వి కూర్చోబెట్టారు. మర్నాడు పత్రికలు నాటకాన్ని మెచ్చుకుని, రచయితకు పొగరెక్కువని రాశాయి.

అతను మళ్లీ కలం పట్టలేదు. అదే నాటకంలో అదే నౌకరుగా ఊరూరా తిరిగి, ఒక అద్దెగదిలో దగ్గి దగ్గి పోయాడు. నన్ను ఒక పాత పెట్టెలో పడేశారు. పురుగులు కొట్టేస్తున్నాయి.

జిగురు ఎక్కువైందనే మార్తా చివరిదాకా అనుకుంది. ఆ రోజు అతను లాగినప్పుడు నాకూ వదలాలనిపించలేదు.