చేటలోంచి జారిన బ్యాటరీ

నేను ఒక బ్యాటరీని. సెల్‌ఫోన్ వెనక మూత తీస్తే కనిపించే నల్లటి పలకను. మనుషులు ఫోన్‌కి గాజు అంటిస్తారు, తొడుగు తొడుగుతారు, కింద పడితే గుండె పట్టుకుంటారు. నన్ను మాత్రం ఉత్త 'చార్జింగ్' అంటారు. చార్జింగ్ ఉందా, చార్జింగ్ అయిపోయింది, ఇంతే. ఇన్నేళ్ల చాకిరీలో నన్ను బ్యాటరీ అని పిలిచింది నేను పాడైపోయాకనే.

పుట్టింది ఎక్కడో సముద్రం అవతల, దుమ్ము కూడా దూరని కర్మాగారంలో. నా కడుపులో రెండు రేకుల్ని చుట్టచుట్టి పెట్టారు. వాటి మధ్య ఉల్లిపొరంత పలచని తెర ఉంటుంది. ఆ తెర బాగున్నంతకాలం నేను బుద్ధిగానే ఉంటాను. అది చిరిగిందా, ఒళ్ళంతా నిప్పే. ఈ సంగతి దాచలేదు కూడా. మంటలో వేయకూడదు, గుచ్చకూడదు, చెత్తలో పారేయకూడదు అని నా ఒంటిమీదే అచ్చువేసి పంపారు. చీమ తలకాయంత అక్షరాలు. ఎవరూ చదవగా నేను చూడలేదు.

నన్ను కొనుక్కున్నది గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి మనిషి, వీర్రాజు. ఎరువుల కొట్టులో పని. రాత్రంతా చార్జింగ్ పెట్టి ఫోన్‌ని తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. నాకు ఊపిరాడేది కాదు. అతనికి కొత్త ఫోన్ వచ్చాక మేము వాళ్ళమ్మ మంగాయమ్మ చేతికి వచ్చాం. ఆవిడ పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం పిఠాపురంలో ఉన్న చెల్లెలితో కబుర్లు. ఆ చెల్లెలు ఒకసారి మొదలుపెడితే నేను కాలిపోయేదాకా ఆపేది కాదు. అయినా ఆ రోజులే బాగున్నాయి. మంగాయమ్మ నన్ను పయటకొంగుతో తుడిచేది.

మంగాయమ్మకు పారేయడం అనే పని చేతకాదు. టీవీ రిమోట్ సెల్లులు అయిపోతే మేడమీద వడియాల పక్కన ఎండబెట్టేది. మనవరాలు హాసిని బొమ్మకారులోంచి తీసిన బుల్లి బ్యాటరీనీ అలాగే ఆరబెట్టింది. సాయంత్రం వడియాలు ఎండాయి, అది మాత్రం పలకలేదు. "ఇంకో ఎండ తగలాలి" అంది. ఎండకీ మాకూ పడదని ఆవిడకు ఎవరు చెప్పాలి?

ముసలితనం నాకు కడుపులో మొదలైంది. లోపల గాలి చేరి ఉబ్బాను. ఫోన్ వెనక మూత లేచిపోయింది. మంగాయమ్మ పూలపొట్లానికి వచ్చిన రబ్బరుబ్యాండు తీసి ఫోన్‌కి చుట్టేసింది. అది చూసి కోడలు శ్రీలత గతుక్కుమంది.

"అత్తయ్యా, ఇది పూరీలా పొంగిందండీ. చార్జింగ్ పెట్టకండి, పేలిపోద్ది."

"పొంగితే ఏంటమ్మా, పిన్నీసుతో చిన్న పోటు పొడిస్తే గాలి పోద్ది కదా" అంది మంగాయమ్మ. నిజంగానే గాజులకున్న పిన్నీసు తీసింది. నాకున్న ప్రాణాలన్నీ ఆ మొన మీదకు వచ్చాయి. శ్రీలత చటుక్కున నన్ను లాక్కుని ఫోన్‌లోంచి బయటికి తీసింది.

మర్నాడు పాత ఫోన్లకు ప్లాస్టిక్ సామాను ఇచ్చే అతను మైకు పెట్టుకుని వచ్చాడు. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక నీలం టబ్బు ఇచ్చాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఉబ్బింది మనకొద్దమ్మా, మీరే ఉంచుకోండి." ఏళ్ళ తరబడి ఆ ఫోన్‌ని మోసింది నేను. అది టబ్బయింది, నేను మిగిలాను.

పక్క టౌన్లో మున్సిపాలిటీ ఆఫీసులో ఇలాంటివి తీసుకునే పెట్టె ఉందని శ్రీలతకు తెలుసు. డ్వాక్రా మీటింగులో చెప్పారట. "ఆదివారం వెళ్ళి ఇచ్చేద్దాం" అంది. ఆదివారం ఆఫీసు ఉండదని ఆదివారమే గుర్తొచ్చింది. తర్వాత హాసినికి జ్వరం, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. నేను బల్ల సొరుగులో తాళంచెవులు, పిన్నీసులు, బొమ్మకారు బ్యాటరీతో పాటు పడి ఉన్నాను. ఇనప తాళంచెవి వచ్చి నా రెండు కొసలకూ ఒకేసారి తగిలితే చాలు, అక్కడే నిప్పు పుడుతుంది. ఎవరు సొరుగు లాగినా నాకు భయమే. వాళ్ళు మాత్రం కత్తెర తీసుకుని పాట పాడుకుంటూ వెళ్ళేవారు.

భోగి వచ్చింది. ఇంట్లో పాతవన్నీ మంటలో వేసి పీడ వదిలించుకోవాలని మంగాయమ్మ నమ్మకం. ఏడాదంతా దేన్నీ పారేయని మనిషికి ఆ ఒక్క తెల్లవారుజామునే చేతులు వస్తాయి. చిరిగిన చాప, అరిగిన చీపుళ్ళు మంట దగ్గరికి చేరాయి. అంచులు విరిగిన పాత చేట తెచ్చి, చీకట్లో తడుముతూ సొరుగంతా అందులో ఊడ్చేసింది. తాళంచెవులు ఏరి పక్కన పెట్టింది. మిగిలినవాటితో పాటు నేనూ, ఆ బుల్లి బ్యాటరీ చేటలో ఉన్నాం. శ్రీలత నీళ్ళపొయ్యి దగ్గర ఉంది. నాకు నోరుంటే ఆ క్షణంలో ఊరంతా లేచేలా అరిచేదాన్ని.

ఒళ్ళు ఉబ్బి ఉండటం వల్ల నేను చేటలో కుదురుగా ఆగలేదు. గుమ్మం మెట్టు దిగేటప్పుడు జారి ముగ్గు మీద పడ్డాను. ఆవిడ చూసుకోలేదు. ఆ బుల్లి బ్యాటరీతో సహా చేట చేటంతా మంటలో పడింది.

హాసిని మెడలో పిడకల దండ వేసుకుని కొత్త పరికిణీలో వచ్చింది. మంగాయమ్మ దాని భుజాలు పట్టుకుని, "వెయ్యమ్మా, పీడా పోవాలని వెయ్యి" అంటూ ముందుకు నడిపించింది. పిల్ల వంగి దండ వేసింది. అప్పుడే మంటలో ఠప్పుమంది. ఎర్రగా ఏదో ఎగిరింది. హాసిని మొహం పట్టుకుని కూలబడింది.

ఎడమ కంటి కింద కాలింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వీర్రాజు వీధరుగు మీదే కూర్చుండిపోయి ఒక్క మాట చెప్పాడు. "బియ్యపుగింజంత పైకి తగిలుంటే చూపు పోయేదంటమ్మా." ఆ రోజు నుంచి మంగాయమ్మ మనవరాలికి కుడివైపే కూర్చునేది, కుడివైపే నడిచేది. ఎడమ చెంప చూడలేకపోయేది.

ముగ్గులో పడి ఉన్న నన్ను ముందు చూసింది వీర్రాజు. కోపంతో కాలువలో విసిరేస్తానని బయలుదేరాడు. శ్రీలత అడ్డం వచ్చింది. "కాలవలో వేస్తే అక్కడ పిల్లలు దిగరా? ఆ నీళ్ళు మన పొలాలకి కాదా?" ఆమె నా కొసల మీద నల్లటి టేపు అంటించింది. ఖాళీ పాలపొడి డబ్బాలో పొడి ఇసుక పోసి మధ్యలో కూర్చోబెట్టింది. "ఆదివారం, ఆదివారం అనుకుంటా ఉండిపోయానండి అత్తయ్యా" అంది. మంగాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ఏడ్చారు. నాకూ ఏడుపు వచ్చింది, కానీ నాలో కారేది ఏదీ మంచిది కాదు.

పండగని ఆఫీసుకు సెలవులు. డబ్బాను పెరట్లో నీడన, చుట్టూ ఏమీ లేనిచోట, రోలు మీద పెట్టారు. మంగాయమ్మ పీట వేసుకుని దూరంగా కాపలా కూర్చుంది. అరిసెలు ఎవరూ ముట్టలేదు. కనుమ నాడు హాసిని చెంపకు కట్టుతో వచ్చి నిలబడింది.

"నాన్నమ్మా, ఆ డబ్బాలోది చెడ్డదా?"

మంగాయమ్మ డబ్బా వైపే చూస్తూ అంది, "దానికేం తెలుసే తల్లీ. తెలియాల్సింది నాకు."

నన్ను గురించి మనిషి అన్న న్యాయమైన మాట అదొక్కటే. అది ఎంత ఖరీదు పెట్టి నేర్చుకున్న మాటో తలచుకుంటే నాకు సంతోషం కలగలేదు.

ఆఫీసు తెరిచిన రోజు అత్తాకోడళ్ళు, హాసిని ముగ్గురూ ఆటోలో బయలుదేరారు. డబ్బా నేనే పట్టుకుంటానని మంగాయమ్మ పట్టుబట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా నన్ను రెండు చేతులా పైకెత్తింది. ఆఫీసు వరండాలో పెట్టె దగ్గర ఒక గుమాస్తా ఉన్నాడు. అతను నన్ను ఇసుకలోంచి తీసి, విడిగా కవర్లో చుట్టి పెట్టాడు. నాలాంటివాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, అందరి కొసలకూ టేపులు. ఇక్కడి నుంచి మమ్మల్ని విప్పి, రేకులు వేరు చేసే చోటికి తీసుకెళ్తారట. అది చావో పుట్టుకో నాకు తెలియదు. ఎవరి చెంపా కాలకుండా అయితే చాలు.

ఖాళీ డబ్బా అక్కడే వదలబోతే మంగాయమ్మ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు బాబూ. ఇంట్లో ఇంకా సెల్లులున్నాయి."

వెనక్కి తిరిగి అలవాటుగా మనవరాలి కుడివైపుకు చేరింది. హాసిని ఆగింది. చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, కట్టు ఉన్న చెంప నాన్నమ్మ వైపు ఉండేలా నిలబడి ఆవిడ వేలు పట్టుకుంది. మంగాయమ్మ ఆ చెంపను చూసింది. చూపు తిప్పుకోలేదు. అలాగే చూస్తూ మెట్లు దిగింది.

గుమాస్తా పెట్టె మూత వేశాడు.