మైకులో చెప్పిన పేరు

ఆ పొద్దు మబ్బు పెన్నేటి మీదనే నిలబడిపోయి, ఊళ్ళోకి చినుకైనా రాల్చలేదు. పీర్ సాహెబ్ ఆటో టాపు మీద మైకు గొట్టాన్ని తాడుతో బిగించాడు. ప్రొద్దుటూరు చీరల అంగళ్ళ తగ్గింపులైనా, జమ్మలమడుగులో చావులైనా ఆ గొట్టంలోంచే వీధులకు తెలుస్తాయి. చదివేది ఆయన. రాసిచ్చేది కూతురి బిడ్డ ఆర్షియా, పదో తరగతి పిల్ల.

మొదట్లో ఎవరు పోయినా కన్నీటి సముద్రాలు రాసేది.

"ఆటో నిలబడదు పాపా. ఒగ వాకిలి దాటేలోపల పోయిందెవురో తెల్సల్ల. నీ సముద్రాలు నువ్వే పెట్టుకో" అనేవాడు ఆయన.

మూతి ముడుచుకుని కొట్టేసేది. కొట్టేసి కొట్టేసి, ఇప్పుడు ఒక్క మాట కూడా ఎక్కువ రాయదు. బడిలో తెలుగు అయ్యవారు ఆమె వ్యాసాన్ని తరగతికంతా చదివి వినిపించాడట.

పీర్ సాహెబ్ భార్య, ఆర్షియా నానీ అని పిలిచే గులాబ్‌బీ, మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇంటికి తీసుకుపొమ్మని ప్రొద్దుటూరు డాక్టర్లు చెప్పేశారు. పెళ్ళై పులివెందుల నుంచి వచ్చినప్పటి నుంచీ భర్త గొంతుకు ఉప్పు వేసిన వేడినీళ్ళు ఇచ్చి పంపేది ఆమె. ఆ పొద్దు ఆయన కుండలోని చన్నీళ్ళు తాగి బయలుదేరాడు.

మధ్యాహ్నం కూరగాయల అంగడి దగ్గర ఆర్షియా తాత ఆటోకు అడ్డం వచ్చి నిలబడింది.

"నానీ పోయింది నానా."

చీర ధర సగం చెప్పి ఆయన మైకు ఆపేశాడు.

ఇంట్లో ఆడవాళ్ళు కడస్నానానికి నీళ్ళు కాచే పనిలో ఉన్నారు. "రాసియ్యి పాపా, సాయంత్రం నమాజు కాంగానే తీస్కపోవల్ల" అన్నాడు. ఆర్షియా గడప మీద కూర్చుని రాసిచ్చింది: 'గులాబ్‌బీ గారు ఈరోజు మధ్యాహ్నం కన్నుమూశారు. సాయంత్రం నమాజు తర్వాత ఖననం.'

"ఎవరి భార్యో పెట్టలేదే?"

"ఆడోళ్ళందరికీ ఫలానాయన భార్య అనే రాసినా. నానీకి వద్దు. ఆమె పేరు ఒగసారన్నా ఊరు వినల్ల."

పీర్ సాహెబ్ కాగితం ఇంకోసారి చదివాడు. ఆ పేరుతో ఆయన కూడా ఆమెను పిలిచింది లేదు. వీధిలో ఆ పేరు ఎవరికైనా తెలుసునా అని సందేహం వచ్చింది. మనవరాలి ముఖం చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాసింది రాసినట్టే చదివాడు. ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, విని, లోపలికి వెళ్ళిపోయారు.

జనాజా పాడెను మోసేవాళ్ళకు దారిలో భుజం మార్చేవాళ్ళు లేరు.

మసక చీకట్లో టీ అంగడి అస్లాం పరిగెత్తుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"గులాబ్‌బీ అంటే మీ ఇంటామెనా మామా? ఎవురో అనుకొంటిమి గదా. నా షాపు ముందరే పోయినావు, మా ఇంటామె అని ఒగ మాటన్నా చెప్పకపోతివి. తెలిసింటే బజారంతా వచ్చుండేది."

తలుపు పక్కన ఆర్షియా బిగుసుకుపోయింది.

"సదివింది నేను గదప్పా. రా, కూర్చో" అన్నాడు పీర్ సాహెబ్.

చావింట్లో పొయ్యి వెలిగించరు. చాలామంది వస్తారనుకుని పక్కింటి సైదున్నీసా పెద్ద డేగిసా గిన్నెతో అన్నం, పప్పు వండి పంపింది. ముగ్గురూ గోడకు ఆనుకుని కూర్చుని తిన్నారు. ఆర్షియా కలిపిన ముద్ద చేతిలోనే చాలాసేపు ఉండి, తర్వాత నోట్లోకి పోయింది. డేగిసాలో అన్నం తరగలేదు.

గూట్లో గులాబ్‌బీ కంచం కడిగి బోర్లించి ఉంది. దాని అంచు మీద, కొన్ననాడు అంగడివాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు: పీర్ సాహెబ్.