మూడో వేలికీ నాలుగో వేలికీ నడుమ

ఆమె ఒక పెద్ద హోటల్లో ఇస్త్రీ పని చేసేది. రోజంతా నిలబడే పని, పదకొండేళ్లుగా అదే గది. భర్త పోయి ఎనిమిది నెలలైంది. పోయిన నాడూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. వారం తిరక్కుండా పనిలోకి వచ్చేసింది. ఎవరడిగినా బాగానే ఉన్నాననేది. లోపల ఎక్కడా ఏమీ తగలకపోతే బాగున్నట్టే కదా అనుకునేది.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం కుడి బూటులో గులకరాయి పడ్డట్టనిపించింది. విప్పి దులిపితే ఏమీ రాలలేదు. తొడుక్కుని రెండడుగులు వేస్తే మళ్లీ రాయి. నెల తిరిగేసరికి ఆ రాయి కాస్తా నిప్పుకణికైంది. పాదం ముందు భాగంలో మొదలై మూడో వేలూ నాలుగో వేలూ కరెంటు కొట్టినట్టు జివ్వుమనేవి. బూటు విప్పి పిసుక్కుంటే తగ్గేది, తొడిగితే మామూలే. పైకి వాపూ లేదు, ఎరుపూ లేదు. పని ఎగ్గొట్టడానికి కాలొకటి దొరికిందని సూపర్‌వైజరు చాటున అన్నాడు. అది చెవిన పడ్డా ఆమెకి కోపం రాలేదు.

కోపం వచ్చింది ఇంట్లో ఆ మాట విన్న ఆడపడుచుకి. అన్న పోయాక వదినకి తోడుగా వచ్చి ఉంటున్న ఆ పిల్ల నోరు ఊరుకోదు. వదిన ఒంటికాలి మీద నిలబడి కూర తరగడం చూసి కత్తి లాక్కుంది. కొంగ కూడా చేప దొరికేదాకానే అలా నిలబడుతుందని దెప్పి, మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ పాదాన్ని ఒక చేత్తో రెండు పక్కలా అదిమి పట్టి, రెండో చేతి బొటనవేలితో ఎముకల సందులో నొక్కింది. లోపల ఏదో టక్కుమంది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"అక్కడే," అంది.

వేళ్లకు వెళ్లే నరం ఆ సందులోంచే పోతుందని, మొన తేలిన బూట్లలో ఏళ్ల తరబడి నలిగి మందమెక్కిందని, భయపడాల్సిన గడ్డ కాదని డాక్టరమ్మ చెప్పింది. ముందుగా, వేళ్లు విచ్చుకునేంత వెడల్పు బూట్లు వేసుకోవాలి. నొప్పి ఉన్నచోటికి కాస్త వెనగ్గా చిన్న మెత్త పెడితే ఎముకలు ఎడంగా జరుగుతాయి. తగ్గకపోతే ఇంజెక్షను. దానికీ లొంగకపోతే ఆపరేషను. అందులో నరం తీసేస్తే ఆ రెండు వేళ్ల నడుమ స్పర్శ ఉండదు.

"అదే చేసెయ్యండి," అంది ఆమె.

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది.

"కత్తి దాకా వెళ్లక్కర్లేని వాళ్లే ఎక్కువమ్మా. మూడు నెలలు చూద్దాం."

హోటల్ ఇచ్చిన బూట్లే వేసుకోవాలని సూపర్‌వైజరు అడ్డం తిరిగాడు. ఒకప్పుడు మేనేజరు ఎదురైతే స్తంభం చాటుకు తప్పుకునే మనిషి, ఇప్పుడు నేరుగా అతని గదిలోకి వెళ్లింది. ధైర్యమని కాదు, భయం పుట్టలేదంతే. కాగితం మీద కాలు పెట్టి చుట్టూ గీత గీసి, దాని మీద బూటు పెట్టి చూపించింది. అటూ ఇటూ గీత బయటే ఉంది. ఇస్త్రీ గదిలోకి అతిథులు రారు కదా అని మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ వారంలో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కాళ్లు గీయించుకున్నారు.

వెడల్పు బూట్లతో, మెత్తతో సగం నొప్పి పోయింది. రెండో నెలలో ఒక ఇంజెక్షను పడ్డాక ఎప్పుడో తప్ప తెలియలేదు. ఆపరేషను మాట రాలేదు. తగ్గిందని ఆమెకి సంబరమేమీ కలగలేదు. దుప్పటి ఆరిందో లేదో చూసినట్టు చూసుకుని ఊరుకుంది.

ఒక సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికొస్తుంటే, గలగలా మాట్లాడుతున్న ఆడపడుచు ఉన్నట్టుండి ఒక దుకాణం మెట్టు మీద కూలబడింది.

"అన్నయ్య గొంతు గుర్తు రావట్లేదొదినా."

ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లి ఆ తలని నడుముకి ఆనించుకుంది.

"నాకు గుర్తుంది. ఎప్పుడూ పడిశం పట్టినవాడిలా మాట్లాడేవాడు."

ఆడపడుచు ఏడుస్తూనే నవ్వింది. ఆమె కళ్లు తడవలేదు. ఆ పిల్ల ఏడుపు తీరేదాకా అలాగే నిలబడింది.