ఆఖరి గ్లాసు

నాకు నోటి దురుసు ఎక్కువ. ద్వారకా నగర్‌లో నేను పనిచేసిన రెండు షాపుల వాళ్లూ, ఒక కోచింగ్ సెంటర్ వాళ్లూ నన్ను పంపించేస్తూ చెప్పిన మాట ఇదే. "నోరు మంచిదైతే ఊరు మంచిదే కుసుమా" అని మా అమ్మ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఊరు ముందు మంచిగా ఉంటే నా నోరూ మంచిగానే ఉండేది కదా అని నా వాదన. ఆ వాదన పుణ్యాన ఏ ఉద్యోగమూ ఆర్నెల్లు నిలవలేదు.

అలాంటిదాన్ని భీమిలి రోడ్డులో 'అలల తోట' అనే వాటర్ పార్కులో, గేటు బయటి కస్టమర్ సర్వీస్ కౌంటర్‌లో, అయిదు నెలల ఇరవై నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. ఇంకో ఆరు రోజులు నోరు మూసుకుంటే పర్మనెంట్ లెటర్ వస్తుంది. ఈసారి ఆ కాగితం నాకు కావాలి. జీతం కోసం ఎలాగూ కావాలి. అంతకన్నా, "కుసుమకుమారి సంగతా? అది ఎక్కడా నిలవదు" అని చుట్టాల్లో పాతుకుపోయిన మాటని పీకి పారెయ్యడానికి కావాలి. ఆ సోమవారం పొద్దున్నే మేనేజర్ దేవీప్రసాద్ గారు నన్ను పిలిచి, "మీ మాటతీరు మీద ఇప్పటికే రెండు కంప్లైంట్లున్నాయి. మూడోది వస్తే లెటర్ లేదు" అన్నారు. రాదు సార్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కౌంటర్‌లో నా పనులు రెండు. బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లేవాళ్ల ముంజేతి మీద నీలం ముద్ర వెయ్యడం ఒకటి. "మంచినీళ్లు లోపల అన్ని స్టాళ్లలోనూ లభిస్తాయండీ, ధన్యవాదాలు" అని నవ్వుతూ చెప్పడం రెండోది. రోజంతా రెండోదే. బయటి నీళ్లు లోపలికి తీసుకెళ్లకూడదని రూలు. స్టాళ్లలో ఉండేవి అమ్మే నీళ్లు. ఊరికే తాగే నీళ్ల కూలర్ లాకర్ గదుల వెనక ఒకటుంది గానీ, దానికి "ఫిల్టర్ మార్చబడుచున్నది" అనే అట్ట శివరాత్రి నుంచీ వేలాడుతోంది. పార్కు నిండా నీళ్లే, గొంతులో పోసుకోవడానికి మాత్రం కొనుక్కోవాలి. ఆ వాక్యం చెప్పినప్పుడల్లా నా మొహం మీది నవ్వంటే నాకే అసహ్యం వేసేది.

గేటు దగ్గర గార్డు తాతబాబు బాబాయ్. నోట్లో నాలుక లేని మనిషి. వచ్చినవాళ్ల సంచులు చూసి, నీళ్ల సీసాలు తీయించి, పక్కనున్న నీలం డ్రమ్ములో ఒంపించడం ఆయన పని. మే నెల ఎండలకి ఆ డ్రమ్ము మధ్యాహ్నానికల్లా నిండి, పొర్లి, కాలవలో కలిసేది.

ఆ రోజు పదిగంటలకి జాలారిపేట నుంచి ఒక గుంపు దిగింది. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులవి. బోట్లు జెట్టీలో కట్టేసి ఉన్నాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు, పిల్లలకి బడి లేదు. పిల్లలు పోరితే ఆడవాళ్లు బయల్దేరదీశారు. పదిమంది ఆడవాళ్లు, అంతకి రెట్టింపు పిల్లలు. అందరికన్నా ముందు ముసలమ్మ అనే పెద్దావిడ, ఆవిడ నెత్తిమీద చుట్టకుదురు, దానిమీద కుళాయి ఉన్న ఇరవై లీటర్ల నీళ్ల కేన్.

"కేను లోపలికి ఎల్లనివ్వరమ్మా. ఆ డ్రమ్ములో ఒంపీయండి" అన్నాడు బాబాయ్.

ఆవిడ కేన్ దించింది గానీ ఒంపలేదు. "ఏటీ, మంచినీల్లు ఒంపీమంతన్నావా? ఇది మా బోటు మీద కేను నాయినా. ఇందులో సుక్క పారబోత్తే గంగమ్మతల్లి ఊరుకోదు."

"రూలమ్మా. నానేటి సెయ్యను?"

"నువ్వేటీ సెయ్యొద్దు. నాను ఇక్కడే కూకుంతాను."

కూర్చుంది, గేటుకి అడ్డంగా. వెనక క్యూ ఆగిపోయింది. జనం సణుగుతున్నారు. బాబాయ్ దీనంగా నావైపు చూసి, "నువ్వు సెప్పమ్మా కుసుమా, నా వల్ల కాదు" అన్నాడు.

నేను నవ్వు తగిలించుకుని వెళ్లి నా వాక్యం అప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా విని, నా బల్ల మీదున్న సీసా వైపు చూసింది. "మరి నువ్వు తాగుతన్నావు కదమ్మా, ఆ నీల్లు లోపల కొన్నావా, ఇంటికాడి నుంచి తెచ్చుకున్నావా?"

ఇంటివే. గోపాలపట్నంలో మా కుళాయివి. ఎవరైనా నామీద అరిస్తే తిరిగి అరవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆవిడ అరవలేదు, అడిగింది అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

రూలు ఏమిటని ఆలోచించాను. బయటి నీళ్లు లోపలికి వెళ్లకూడదు. బయట ఉండకూడదని ఎక్కడా రాసిలేదు. "కేను నా కౌంటర్ పక్కన పెట్టీయండి పెద్దమ్మా. దాహమేత్తే పిల్లలు సేతికి ముద్దరేయించుకుని వొచ్చి తాగుతారు" అన్నాను.

ఆవిడ నా స్టూలు అడిగి తీసుకుంది. రేకుల నీడలో వేసి, కేన్ పెట్టి, తడి తువ్వాలు చుట్టి, పైన స్టీలు గ్లాసు బోర్లించింది. "బోటు మీద పద్ధతి సెప్తాను, ఇను. ఎవులడిగినా నీల్లియ్యాల. పగోడడిగినా ఇయ్యాల. ఆకరి గ్లాసు ఎవులు తాగితే ఆలే, బోటు కింద అరలో పెద్ద డ్రమ్ములోంచి తెచ్చి నింపాల. ఖాళీ కేను ఒడ్డుకి తేకూడదు. అంతే."

అలాగే పెద్దమ్మా అన్నాను, ఎలాగోలా క్యూ కదిలితే చాలని.

అరగంటకల్లా పిల్లలు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చారు. ముద్రలు వేసి పంపాను. వాళ్ల వెనక వేరేవాళ్ల పిల్లలు, ఆ పిల్లల వెనక వాళ్ల అమ్మానాన్నలు. నిక్కరు వేసుకున్న ఒకాయన గ్లాసు కడిగి బోర్లిస్తూ, "పార్కువాళ్లు చలివేంద్రం పెట్టారా మేడమ్? మంచి పని" అన్నాడు. "తాగండి సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. ఒకమ్మాయి చంటిబిడ్డకి జ్వరం మందు కలపాలని గుక్కెడు నీళ్లడిగింది. నిన్నటిదాకా ఈ అమ్మాయికీ ఆ వాక్యమే చెప్పి ఉండేదాన్ని కదా అనిపించింది.

పదకొండున్నరకి కేన్ సగానికి దిగింది. ఇంకో గంటలో అయిపోతుందని నేను కంగారు పడుతుంటే, ఎప్పుడూ తనంతట తాను నోరు విప్పని తాతబాబు బాబాయ్, డ్రమ్ములో సీసా ఒంపబోతున్న ఒకావిడతో, "అందులో ఎందుకమ్మా, ఆ కేనులో పొయ్యండి. దాహమేత్తే మీరే వొచ్చి తాగుదురు గాని" అన్నాడు. ఆవిడ పోసింది. వెనకవాళ్లూ పోశారు. మూత తియ్యని సీసాలు స్టూలు కింద వరసగా పేర్చారు. ఆ తర్వాత నీలం డ్రమ్ములో ఒక్క చుక్క పడలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో, తగిలించుకునే నవ్వు మర్చిపోయి నిజంగానే నవ్వుతున్నానని తర్వాత గమనించాను.

ఒంటిగంటకి దేవీప్రసాద్ గారు వచ్చారు. స్టాల్‌వాళ్లు కబురు మోసినట్టున్నారు.

"ఏమిటిది కుసుమ గారూ?"

"నీళ్లు సార్."

"కనబడుతోంది. సాయంత్రం నేను రౌండ్‌కి వచ్చేసరికి ఇది ఇక్కడ ఉండకూడదు. ఉంటే లెటర్ సంగతి మర్చిపోండి."

నాలుగు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. నాలుగూ మింగి, సరే సార్ అన్నాను. ఆయన వెళ్లాక కేన్‌ని స్టోర్ రూములో పెట్టేద్దామని రెండు చేతులా పట్టుకున్నాను. ముసలమ్మ మనవరాలు రాణి, ఆరేళ్ల పిల్ల, గ్లాసు చాపుకుని ఎదురుగా నిలబడింది. "నీల్లు ఎక్కడికి పట్టుకెల్తన్నావక్కా?"

ఉద్యోగం పోతే పోయిందని ధైర్యంగా అనుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అలా అనుకోలేదు. ఏడుపొచ్చింది. ఆరు రోజులు, ఇంక ఆరే రోజులు. అయినా చేతులు ఆ కేన్‌ని ఎత్తలేదు. ఎక్కడికీ లేదని చెప్పి పిల్లకి గ్లాసు నింపి ఇచ్చాను.

నాలుగు దాటాక కొత్తగా వచ్చేవాళ్లు తగ్గారు, సీసాలు ఆగిపోయాయి, నీళ్లు అడుక్కి చేరాయి. అప్పటికి బోటు మీది పద్ధతి నేను వచ్చినవాళ్లందరికీ చెప్పేసి ఉన్నాను. దాంతో చివర్లో వచ్చినవాళ్లు తలా సగం గ్లాసు తాగి, ఆఖరిది మాత్రం ముట్టకుండా జారుకుంటున్నారు. మనవాళ్ల తెలివి మరి. అయిదున్నరకి కేన్‌లో సరిగ్గా ఒక గ్లాసు మిగిలింది.

దేవీప్రసాద్ గారు రౌండ్‌కి వచ్చారు. కేన్ చూశారు. అంతలో ఆయన ఫోను మోగింది.

"నమస్తే సార్... గేటు దగ్గరా సార్? చలివేంద్రమా?... అవును సార్. అవునవును, మనమే పెట్టాం సార్... ఆదివారమా? తప్పకుండా రండి సార్."

ఫోను జేబులో పెట్టుకునేసరికి ఆయన అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నారు. ఎవరో కేన్ ఫొటో తీసి, ఇంత మంచి పార్కు చూడలేదని నెట్‌లో పెట్టారట. అది చైర్మన్ గారి కంట్లో పడిందట. ఆదివారం ఆయన స్వయంగా చూడ్డానికి వస్తారట.

"మరి తీసెయ్యమన్నారు కదా సార్. తీసెయ్యనా?" అన్నాను, ఆయన నేర్పిన నవ్వుతోనే.

ఆయనకి ఎండలో తిరిగి, ఫోన్లో తడబడి గొంతు ఎండిపోయినట్టుంది. గ్లాసు తీసుకుని, కేన్ వంచి, ఉన్న నీళ్లన్నీ పట్టుకుని గటగటా తాగేశారు. పద్ధతి చెబుదామని నోరు తెరిచాను. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, జీవితంలో మొదటిసారి నా నోరు దానంతట అదే మూతపడింది.

అప్పుడే జాలారిపేట గుంపు బయటికొచ్చింది. "ఇదీ ఒక కెరటమేటి? మోటారు ఆపీత్తే సచ్చిపోద్ది" అని లోపలి కెరటాల కొలనుని వెక్కిరిస్తూ ముసలమ్మ నా దగ్గరికొచ్చి, ఒంటిచేత్తో కేన్ ఎత్తి చూసింది. "ఆకరి గ్లాసు ఎవులు తాగినారు?"

నేను చెప్పలేదు. బాబాయ్ చెప్పలేదు. పిల్లలందరూ మాత్రం గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆయన వైపు తిరిగారు.

"నువ్వేనా బాబూ? మరి నింపాల."

"నేను మేనేజర్నమ్మా."

"మా ఆయన బోటు నడిపే సరంగు. ఆయనా నింపీవోడే. ఓపాలి నింపకుండా తొంగుంటే మూడ్రోజులు బోటు మీద ఒక్కలూ మాటాడలేదు ఆయనతోటి."

గేటు దగ్గర జనం పోగయ్యారు. సగంమంది చేతుల్లో ఫోన్లు. దేవీప్రసాద్ గారు అటు చూశారు, ఇటు చూశారు. మెల్లిగా, "ఎక్కడ నింపాలి?" అన్నారు.

"కూలర్ పనిచెయ్యదు సార్. స్టాళ్లు కట్టేశారు. మీ రూములో ఫిల్టర్ ఒక్కటే ఉంది."

ఆయన కేన్ తీసుకుని లోపలికెళ్లారు. వస్తారా అని నాకు అనుమానమే. పావుగంటకి వచ్చారు, నిండు కేన్ భుజం మీద పెట్టుకుని, చొక్కా ఒకపక్కంతా తడిసిపోయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. స్టూలు మీద దించి రొప్పుతుంటే, ముసలమ్మ మొదటి గ్లాసు పట్టి ఆయనకే ఇచ్చింది. "ఇప్పుడు తాగు."

ఆయన తాగారు. గ్లాసు తనే కడిగి బోర్లించారు. వాళ్లు కేన్ ఎత్తుకుని బస్సెక్కి వెళ్లిపోయాక, ఖాళీ స్టూలు వైపు చూస్తూ, "ఆ కూలర్ ఎన్నాళ్ల నుంచి అలా ఉంది?" అన్నారు.

"శివరాత్రి నుంచి సార్. సలహాల పుస్తకంలో ఇరవైసార్లు రాశాను."

"నేను ఆ పుస్తకం చదవను" అన్నారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "రేపు కుండలు తెప్పిద్దాం. గ్లాసులు కూడా. కూలర్ పని చూడమని నేనే చెప్తాను" అన్నారు. చైర్మన్ గారి భయమో, భుజం మీది బరువో నాకు తెలీదు. ఏదైతేనేం, కుండలు వచ్చాయి. గురువారానికి కూలర్‌కి కట్టిన అట్ట ఊడింది.

ఆదివారం చైర్మన్ గారు వచ్చి, చూసి, నీళ్లు తాగి, ఫొటోలు దిగి వెళ్లారు. సాయంత్రం దేవీప్రసాద్ గారు నా బల్ల మీద ఒక కవరు పెట్టారు. విప్పి చూశాను. నా పేరు పూర్తిగా, తప్పుల్లేకుండా ఉంది. కింద సంతకం ఉంది. కళ్లు మసకబారి మిగతాది చదవలేకపోయాను.

ఆయనకి దాహంగా ఉన్నట్టుంది. కుండలో గరిటె ముంచారు. అది అడుక్కి తగిలి టంగుమంది. చెయ్యి అక్కడే ఆపేసి, నావైపూ తాతబాబు బాబాయ్ వైపూ చూశారు. బాబాయ్ ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఇలా ఇవ్వండి సార్" అని గరిటె తీసుకుని, ఆ ఆఖరి గ్లాసు నేనే తాగాను. చల్లగా ఉన్నాయి నీళ్లు. మా అమ్మకి ఫోన్ చెయ్యాలి, చుట్టాలందరికీ చెయ్యాలి. అవన్నీ తర్వాత. కవరు జాకెట్లో దోపుకుని, బిందె తీసుకుని కూలర్ దగ్గరికి నడిచాను.