లేబుల్ గీకేసిన సీసా

నాకు అక్షరాలు మనవరాలితో పాటే వచ్చాయి. ఒత్తులు తప్పినచోట మీరే దిద్దుకుని చదవండి. రాయడం నిదానమేగానీ కథను సాగదీయను.

బ్యూటీ పార్లర్ నడిపే ఒక వదినకు ఓ అలవాటుంది. కొత్త సీసా రాగానే వేడినీళ్లలో నానబెట్టి లేబుల్ గీకి పారేస్తుంది. పేరు తెలిస్తే కస్టమర్లు అదే కొనుక్కుని ఇంట్లోనే పూసుకుంటారని ఆమె భయం. అద్దం కింద అరలో సీసాలన్నీ బోడిగా నిలబడి ఉంటాయి. మూత రంగును బట్టి ఏది దేనికో ఆమె పోల్చుకుంటుంది.

ఆమె భర్త చెల్లెలిని ఇంట్లో గలగలమ్మ అంటారు. నవ్విందంటే వీధి చివరికి వినబడుతుంది. ఆ పిల్లకు ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. వచ్చి పార్లర్ కుర్చీలో కూలబడింది.

"వదినా, నా పళ్లు చూడు, టీ కప్పు అడుగులా ఉన్నాయి. ఊరందరికీ మెరుగులు దిద్దుతావు, ఇంటి పిల్లను మాత్రం పట్టించుకోవు."

"నీ నోరు మూయించే మందు దొరక్క ఆగానే. పళ్లు తెల్లబడే జెల్ నిన్ననే వచ్చింది. ఏదీ, నోరు తెరువు."

బ్రష్‌తో పూసి, కాసేపు ఉంచి తుడిచింది. పళ్లు తెల్లబడ్డాయి. కానీ ముందరి పన్ను ఒకటి పసుపుపచ్చగానే ఉండిపోయింది.

"ఇది పన్నేనా, మొక్కజొన్న గింజా?" అంటూ వదిన దాని మీద మందంగా ఇంకో పూత వేసింది.

"మంటగా ఉంది వదినా."

"కొంచెం ఓర్చుకోవే. ఇదొక్కటీ మొండికేస్తోంది."

ఈసారి తుడిచేసరికి ఆ పన్ను రంగు మారలేదుగానీ, పైనున్న చిగురు ఉడికినట్టు తెల్లగా పాలిపోయింది. సాయంత్రానికి గలగలమ్మ మంచినీళ్లు తాగబోయి, పన్ను జివ్వుమని గ్లాసు వదిలేసింది. వదిన ఆ సీసాను సంచిలో వేసుకుని, మరదలిని పళ్ల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది.

డాక్టరమ్మ లైటు దగ్గరకు లాక్కుని చూసింది.

"ఇది తొడుగు వేసిన పన్ను కదమ్మా. ఈ మందు సొంత పన్ను మీదే పనిచేస్తుంది, తొడుగు రంగు మార్చలేదు."

"చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే విరిగింది," గలగలమ్మ గొణిగింది. "చెప్పడానికి సిగ్గేసింది."

వదిన కాపురానికి రాకముందు సంగతి అది. ఆమె అడగనూ లేదు.

"పక్క పన్నుకు సన్నటి పగులుంది. మందు అందులోకి దిగినట్టుంది. ఏం మందు వాడారు? ఎంత ఘాటుది?"

వదిన సీసా అందించింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"లేబుల్ ఏదండీ?"

"గీకేశాను."

"గీకేముందు చదివారా?"

వదిన తల అడ్డంగా ఊపింది. కుర్చీలోంచి మరదలు తన వైపే చూస్తోందని చూడకుండానే ఆమెకు తెలుస్తోంది.

"ముందు నోరు చూసి, పగుళ్లు పూడ్చి, చిగుళ్లకు అడ్డుపెట్టి చేస్తే చాలామందికి ఏమీ కాదు. కొన్నాళ్లు జివ్వుమని తగ్గిపోతుంది," అంది డాక్టరమ్మ. "చిగురు మానుతుంది. పగులున్న పన్ను సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. లోపలి నరం దెబ్బతిందో లేదో కొన్నాళ్లు ఆగి చూడాలి."

బస్సులో వదిన మెల్లగా అంది, "నన్ను తిట్టవే. నోరారా తిట్టు."

"నోరు తెరిస్తే గాలి తగులుతోంది. బాకీ ఉంచుకో."

మర్నాడు పార్లర్ తీయగానే ఒక కస్టమర్ వచ్చింది. "మొన్న నా మొహానికి రాశావే, చర్మం దురద పెడుతోంది. దాని పేరేమిటో చెప్పవూ?" అంది.

ఇన్నాళ్లలో మొదటిసారి వదినకు పేరు చెప్పాలనిపించింది. అరలోంచి నీలం మూత సీసా తీసి చేతిలో పట్టుకుంది. గుర్తు రాలేదు.

"తెలీదమ్మా," అంది.

ఇంతలో ఇంటర్వ్యూకు వెళ్తూ గలగలమ్మ గుమ్మంలో ఆగింది. వదిన ఆమె జుట్టు సర్ది, బొటనవేలితో గడ్డం ఎత్తి, "ఆ హోటల్ వాళ్లు నీ నవ్వుకు చెవుల్లో దూది పెట్టుకోవాలి," అంది.

గలగలమ్మ నవ్వింది. పెదవులు విప్పలేదు, పైగా చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కనే ఉన్న వదినకు కూడా ఆ నవ్వు వినబడలేదు.

— మేడమీది మామ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది కూతురింట్లో, పై గదిలో.